దిగమన్నవాడే కాదు, పిలిపించినవాడూ ముద్దాయే

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో లెట్రిన్ ట్యాంకులు ఖాళీ చేసే చిన్న వ్యాపారులకు, వాళ్లను పిలిపించే ఇంటి యజమానులకు, లాడ్జీలు, కల్యాణమండపాలు నడిపేవారికి ఇది హెచ్చరిక. తగిన రక్షణ లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దించడం నేరం.

2013 నాటి పాకీపని నిషేధ చట్టంలోని 7వ సెక్షన్ ఈ మాటే చెబుతోంది. ఏ వ్యక్తీ, ఏ సంస్థా నేరుగా గానీ, ఇంకొకరి ద్వారా గానీ ఆ పని చేయించకూడదు. మొదటిసారి దొరికితే రెండేళ్ల వరకు జైలు, లేదా రూ. 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడతాయి. మళ్లీ అదే తప్పు చేస్తే ఐదేళ్లు, రూ. 5 లక్షల వరకు పోతుంది. పోలీసులు వారెంటు లేకుండానే అరెస్టు చేయవచ్చు, బెయిలు హక్కుగా రాదు. ట్యాంకర్ నీదైనా, ట్యాంకు నీదైనా ఈ సెక్షన్ నీకు వర్తిస్తుంది.

‘వాడే దిగుతానన్నాడు సార్’ అన్న సాకు చెల్లదు. ‘నా ఇష్టంతోనే దిగాను’ అని రాయించుకున్న కాగితం కేసును ఆపదు. అసలు ఆ గుంతలో దిగేది ఏ పేటవాళ్లో, వాళ్ల ఇష్టానికి ఎంత విలువ ఉందో ఈ మూడు ఊళ్లలో ఎవరిని అడిగినా చెబుతారు.

మూత తీసి కాసేపు ఆగితే గాలి బాగుపడుతుందనుకోవడం ప్రాణాంతకం. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలికంటే బరువు కాబట్టి అడుగునే పేరుకుంటుంది. కొద్దిగా ఉంటే కుళ్లిన కోడిగుడ్ల వాసన వేస్తుంది. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి ఆ వాసన కూడా తెలియదు. అడుగు మడ్డిని కెలికితే గ్యాసు ఒక్కసారిగా పైకి లేస్తుంది. పరీక్షిద్దామని దీపమో కాగితం మంటో దించితే మీథేన్ అంటుకుంటుంది. ముక్కుకు చుట్టిన తువ్వాలు దేనినీ ఆపదు.

కాబట్టి ఈ వ్యాపారంలో పని యంత్రంతోనే జరగాలి. వాక్యూమ్ పంపు, సరిపడా పొడవున్న పైపు, మడ్డిని కరిగించడానికి పైనుంచే కొట్టే నీళ్లు ఉండాలి. గత్యంతరం లేక మనిషి దిగాల్సిన అరుదైన సందర్భాలకు 2013 నియమాలు గట్టి షరతులు పెట్టాయి. శ్వాస పరికరం, గ్యాస్ మీటరు, నడుముకు తాడు కావాలి. సూపర్‌వైజరుతో కలిపి కనీసం ముగ్గురు అక్కడే ఉండాలి. ఏకబిగిన 90 నిమిషాలకు మించి పని చేయించకూడదు. కార్మికుడికి యజమాని ఖర్చుతో రూ. 10 లక్షల బీమా ఉండాలి. ఇవన్నీ సమకూర్చలేనివాడు మనిషిని దించే మాటే ఎత్తకూడదు.

మున్సిపల్ అనుమతి, బండి ఫిట్‌నెస్, కార్మిక శాఖలో నమోదు సరిచూసుకోండి. ఏడాది రాబడి రూ. 20 లక్షలు దాటితే జీఎస్‌టీ తప్పదు. తోడిన మురికిని పెన్నలోనో వంకల్లోనో రాత్రిపూట పారబోయడం 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టానికి విరుద్ధం. మున్సిపాలిటీ చూపిన చోటే వదలాలి.

ప్రాణం పోతే కుటుంబానికి ఇవ్వాల్సిన పరిహారాన్ని సుప్రీంకోర్టు 2014లో రూ. 10 లక్షలుగా నిర్ణయించింది. 2023 అక్టోబరు 20న దాన్ని రూ. 30 లక్షలకు పెంచింది. మున్సిపల్ అధికారులూ పక్కకు తప్పుకోలేరు. యంత్రాలతో శుభ్రం చేయించే బాధ్యత స్థానిక సంస్థలదేనని చట్టంలోని 33వ సెక్షన్ చెబుతోంది. అనుమతి ఉన్న ట్యాంకర్ల జాబితా ప్రతి వార్డు సచివాలయంలో అంటించడం వారం పని కూడా కాదు.

ఈలోగా ఎవరైనా ట్యాంకులో పడిపోతే ఆత్రంకొద్దీ వెనకాలే దిగకండి. ఒకరిని కాపాడబోయి మరొకరు చనిపోవడం దేశమంతటా జరుగుతున్నదే. వెంటనే 101కి, 108కి ఫోన్ చేయండి. ట్యాంకు నిండినప్పుడు మాత్రం 14420 హెల్ప్‌లైన్‌ను గానీ, మున్సిపాలిటీని గానీ అడిగి యంత్రమున్న బండినే పిలిపించండి. మనిషి దిగితే ఐదువందలు తక్కువవుతుందని బేరం పెట్టేవాడిని గడప దగ్గరి నుంచే పంపించేయండి.