పిట్ట ఎగిరిపోయింది... పుస్తకం మిగిలింది!

1951 నవంబరు 10. ఐర్లండ్‌లోని వెక్స్‌ఫర్డ్ ప్రాంతం. స్లేనీ నది ఒడ్డున కొందరు మిత్రులు తుపాకులు పట్టుకుని పిట్టల వేటకు బయల్దేరారు. వాళ్లలో సర్ హ్యూ బీవర్ ఒకడు. గిన్నిస్ బీరు కంపెనీకి మేనేజింగ్ డైరెక్టర్. గోల్డెన్ ప్లోవర్ అనే పిట్ట ఒకటి రివ్వున దూసుకెళ్లింది. బీవర్ గురి చూసి కాల్చాడు. తగల్లేదు. పిట్ట ఎగిరిపోయింది.

వేటలో గురి తప్పడం వింతేమీ కాదు. అసలు కథ ఆ సాయంత్రం మొదలైంది. విడిది ఇంట్లో కబుర్ల మధ్య ఓ ప్రశ్న వచ్చింది. ఐరోపాలో వేటాడే పిట్టల్లో అన్నిటికన్నా వేగంగా ఎగిరేది ఏది? గోల్డెన్ ప్లోవరా, రెడ్ గ్రౌసా? వాదన తెగలేదు. పుస్తకాలు తిరగేశారు. జవాబు ఎక్కడా దొరకలేదు.

ఇంకొకరైతే ఆ రాత్రి పడుకుని మర్నాటికి మర్చిపోయేవారు. బీవర్ మర్చిపోలేదు. బ్రిటన్, ఐర్లండ్‌లలో వేల కొద్దీ పబ్‌లున్నాయి. వాటిలో రోజూ రాత్రి ఇలాంటి వాదనలు జరుగుతూనే ఉంటాయి. వాటిని తేల్చే పుస్తకం ఒకటి ఉంటే? గొడవ తీరుతుంది, గిన్నిస్ పేరూ నలుగురి నోళ్లలో నానుతుంది! అలా పుట్టిందే గిన్నిస్ రికార్డుల పుస్తకం. తొలి ముద్రణలో మొదటి ప్రతి 1955 ఆగస్టు 27న తయారైంది. అంటే 2025 ఆగస్టుతో దానికి డెబ్భై ఏళ్లు నిండాయి.

ఇలాంటి వాదనలు మనకేం కొత్త కాదు. పబ్ స్థానంలో టీకొట్టు బల్ల, రచ్చబండ, పెళ్లింటి అరుగు పెట్టుకుంటే సరిపోతుంది. ఎన్టీఆర్ సినిమాలు ఎక్కువా, ఏఎన్నార్ సినిమాలు ఎక్కువా? ఫలానా సినిమా మన ఊళ్లో ఎన్ని రోజులు ఆడింది? గావస్కర్ గొప్పా, సచిన్ గొప్పా? చేతిలో టీ చల్లారిపోయేది కానీ వాదన చల్లారేది కాదు. చివరికి గొంతు పెద్దదైనవాడే గెలిచేవాడు. గొంతు కాదు, లెక్క గెలవాలి అన్నదే ఆ పుస్తకం తెచ్చిన మార్పు.

మరి ఆ లెక్క తేల్చేదెవరు? అప్పట్లో గిన్నిస్ కంపెనీలో క్రిస్టఫర్ చాటవే అనే యువకుడు ఉద్యోగం చేస్తున్నాడు. పేరున్న పరుగు వీరుడు. అతను ఇద్దరి పేర్లు చెప్పాడు. నోరిస్ మెక్‌విర్టర్, రాస్ మెక్‌విర్టర్. ఇద్దరూ కవలలు. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకునే రోజుల్లో పరుగు పందేల్లో పాల్గొన్నవారే. లండన్‌లో వాస్తవాలు, అంకెలు సేకరించి ఇచ్చే ఓ చిన్న సంస్థ నడుపుతున్నారు.

చాటవేకు ఆ కవలలు తెలియడం వెనుక మైదానం స్నేహం ఉంది. 1954 మే 6న ఆక్స్‌ఫర్డ్‌లోని ఇఫ్లీ రోడ్ మైదానంలో రోజర్ బానిస్టర్ మైలు దూరాన్ని నాలుగు నిమిషాల లోపు పరుగెత్తి చరిత్ర సృష్టించాడు. ఆ రోజు బానిస్టర్‌కు వేగం అందించేందుకు ముందు పరుగెత్తిన ఇద్దరిలో చాటవే ఒకడు. మైకులో ఫలితం ప్రకటించింది నోరిస్. అతను అంకె వెంటనే చెప్పలేదు. పోటీ పేరు, విజేత పేరు, ఏయే రికార్డులు బద్దలయ్యాయి... ఇలా ఊరించి ఊరించి 'మూడు' అన్నాడో లేదో, మిగతాదంతా జనం కేకల్లో కలిసిపోయింది. 3 నిమిషాల 59.4 సెకన్లు!

ఇలాంటి మనుషులకు రికార్డుల పుస్తకం అప్పజెప్పడం కన్నా సరైన పని ఇంకేముంటుంది? అన్నదమ్ములిద్దరూ ఫ్లీట్ స్ట్రీట్‌లో కార్యాలయం తెరిచారు. ప్రపంచంలో ఏది ఎత్తు, ఏది లోతు, ఏది బరువు, ఏది వేగం... ఒక్కోదానికీ నిపుణులకు ఉత్తరాలు రాశారు. రాత్రీ పగలూ కూర్చుని పుస్తకం తయారు చేశారు. మొత్తం 198 పేజీలు. ఆ ఏడాది క్రిస్మస్ నాటికి అది బ్రిటన్‌లో అమ్మకాల్లో మొదటి స్థానంలో ఉంది! తర్వాత్తర్వాత దాని పేరు కూడా దానిలోకే ఎక్కింది, కాపీరైటు ఉన్న పుస్తకాల వరసల్లో ప్రపంచంలోకెల్లా ఎక్కువగా అమ్ముడైనదిగా. 1972లో బీబీసీలో రికార్డుల కార్యక్రమం మొదలైంది. పిల్లలు ఏ రికార్డు గురించి అడిగినా కవలలు పుస్తకం చూడకుండా జవాబు చెప్పేవాళ్లు.

ఆ జంట ఎక్కువకాలం నిలవలేదు. 1975లో లండన్‌లో వరసగా బాంబులు పేలుతున్న రోజులవి. బాంబులు పెట్టినవాళ్ల ఆచూకీ చెబితే 50 వేల పౌండ్లు ఇస్తామంటూ రాస్ ప్రకటించాడు. ఆ నవంబరు 27న ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీకి చెందిన తీవ్రవాదులు అతణ్ని ఇంటి గుమ్మంలోనే కాల్చి చంపారు. తోడబుట్టినవాడు పోయినా నోరిస్ పుస్తకాన్ని వదల్లేదు. ఇంకో పదేళ్లు దాన్ని నడిపించాడు. 2004లో కన్నుమూశాడు.

ఇంత కష్టపడి రాసుకునే రికార్డు ఎన్నాళ్లుంటుంది? ఒక్కోసారి చొక్కా పాతబడేంత కాలం కూడా ఉండదు! బానిస్టర్ రికార్డునే తీసుకోండి. సరిగ్గా 46 రోజుల తర్వాత ఆస్ట్రేలియాకు చెందిన జాన్ ల్యాండీ దాన్ని బద్దలుకొట్టాడు. అయినా ఇవాళ ప్రపంచానికి గుర్తున్నది బానిస్టర్ పేరే.

మన ఆడపిల్ల సంగతీ అంతే. 2002లో కోనేరు హంపి 15 ఏళ్ల 1 నెల 27 రోజుల వయసులో చదరంగంలో గ్రాండ్‌మాస్టర్ అయింది. అంత చిన్న వయసులో ఆ హోదా అందుకున్న మహిళ అంతకుముందు లేరు. జూడిట్ పోల్గర్ రికార్డు చెరిగిపోయింది. 2008లో చైనా అమ్మాయి హౌ ఇఫాన్ వచ్చి హంపి రికార్డునూ చెరిపేసింది. అంతటితో హంపి కథ ముగిసిందా? 2019లో ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్ అయింది. తల్లిగా ఇల్లు చూసుకుంటూనే 2024లో మళ్లీ అదే కిరీటం గెలిచింది. రికార్డు చేజారినా ఆట చేజారలేదు.

ఇక సినిమాల విషయానికొస్తే గిన్నిస్ పుస్తకానికి తెలుగువాళ్లు పాత చుట్టాలే. ప్రపంచంలోనే అతి పెద్ద ఫిల్మ్ స్టూడియోగా రామోజీ ఫిల్మ్‌సిటీ, అత్యధిక చిత్రాల నిర్మాతగా డి.రామానాయుడు, ఎక్కువ సినిమాలు తీసిన మహిళా దర్శకురాలిగా విజయనిర్మల, నటుడిగా లెక్కలేనన్ని పాత్రలతో బ్రహ్మానందం... ఇలా వరసగా చోటు సంపాదించారు. 2024 సెప్టెంబరు 22న చిరంజీవి చేరారు. 156 సినిమాలు, 537 పాటలు, 24 వేల డ్యాన్స్ స్టెప్పులు! ఆ తేదీకీ ఓ విశేషం ఉంది. 1978లో ఆయన తొలి సినిమా 'ప్రాణం ఖరీదు' విడుదలైంది అదే రోజున.

ఈ వరసలో అన్నిటికన్నా ఆలోచింపజేసేది పి.సుశీల రికార్డు. 2016లో గిన్నిస్ ఆమె పేర రాసిన అంకె 17,695 పాటలు. ఆరు భాషలు. విజయనగరంలో పుట్టిన ఆ గొంతు 1950ల నుంచే పాడుతోంది. కానీ గిన్నిస్ లెక్క 1960ల నుంచి మాత్రమే. ఆ పాటల వివరాలు ఒక్కొక్కటిగా పోగుచేయడం వెనుక అభిమానుల ఓపిక ఎంతో ఉంది. ఏ పాట, ఏ సినిమా, ఏ ఏడాది, ఎవరితో కలిసి... ఇవన్నీ రాసుకుంటూ పోతేనే పదిహేడు వేల ఆరు వందల తొంభై అయిదు అనే మాట నోటివెంట వస్తుంది. 'వేలాది పాటలు పాడారు' అనడం తేలిక. ఎన్ని వేలు అని అడిగితే చూపించడంలోనే ఉంది కష్టం.

ఆ కష్టం ఎవరూ పడకపోతే ఏమవుతుందో తెలుగు సినిమాకు అనుభవమే. మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాల పాటు అందరూ నమ్మారు. పుస్తకాల్లో అదే, ఉపన్యాసాల్లో అదే, పండగలూ ఆ రోజునే! పాత్రికేయుడు రెంటాల జయదేవ పాత ఆధారాలు తవ్వి చూస్తే తేలిందేమిటి? ఆ సినిమాకు సెన్సార్ జరిగిందే 1932 జనవరి 22న. విడుదలైంది ఫిబ్రవరి 6న, బొంబాయిలోని కృష్ణా సినిమా థియేటర్లో. పుట్టిన రోజు తెలియకుండానే ఇన్నేళ్లూ పుట్టినరోజు వేడుకలు చేసుకున్నామన్నమాట! ఒకరు చెప్పింది ఇంకొకరు రాశారు, అది చూసి మరొకరు రాశారు. అసలు కాగితం చూసినవాళ్లు లేకపోయారు.

అలాగని అంకెల వెంట కళ్లు మూసుకుని పరుగెత్తినా ప్రమాదమే. పుణెకు చెందిన శ్రీధర్ చిల్లాల్ స్కూల్లో చదివే రోజుల్లో పొరపాటున మాస్టారి పొడవాటి గోరు విరగ్గొట్టాడు. గోరు పెంచడంలో ఉండే కష్టం నీకేం తెలుసంటూ ఆయన కోప్పడ్డారు. పంతం పట్టాడు. 1952 నుంచి ఎడమచేతి గోళ్లు కత్తిరించలేదు. 66 ఏళ్ల తర్వాత 2018లో న్యూయార్క్‌లో వాటిని తీయించుకునేనాటికి అయిదు గోళ్లూ కలిపి 909.6 సెంటీమీటర్లు! రికార్డు దక్కింది. కానీ ఆ చేతి వేళ్లు మళ్లీ మామూలుగా ముడుచుకోలేని స్థితికి వచ్చేశాయి. ఇలాంటివి చూశాకే గిన్నిస్ కూడా కొన్నిటికి తలుపులు మూసింది. నిద్ర మానుకుని మేలుకునే పోటీలు, పెంపుడు జంతువులను బలవంతంగా మేపి బరువు పెంచడం వంటివాటిని ఇప్పుడు లెక్కలోకి తీసుకోవడం లేదు.

పుస్తకమూ మారింది. బీరు కంపెనీ చేతిలోంచి ఎప్పుడో వెళ్లిపోయి, చేతులు మారి 2008లో కెనడాకు చెందిన జిమ్ ప్యాటిసన్ గ్రూప్ దగ్గరకు చేరింది. పుస్తకం అమ్మకాలే కాదు, కంపెనీలు ప్రచారం కోసం చేయించే రికార్డులూ ఇప్పుడు దానికి ఆదాయమే. పరిశీలన త్వరగా జరగాలంటే రుసుము కట్టాలి. అతి పెద్ద దోసె, అతి పొడవైన బ్యానరు వంటి వార్త చూసినప్పుడు, ఇందులో గొప్ప ఎంత, ప్రచారం ఎంత అని చదివేవాళ్లు ఓసారి ఆలోచించుకోవడం మంచిది.

మరి ఈ రోజుల్లో ఆ పుస్తకం అవసరమేనా? ఏ పిట్ట వేగమెంతో ఫోను తీస్తే క్షణంలో తెలిసిపోతుంది కదా! తెలుస్తుంది. ఒకే ప్రశ్నకు పది జవాబులు కూడా వస్తాయి. అప్పట్లో బీవర్ ఇబ్బంది జవాబు దొరక్కపోవడం. ఇప్పటివాళ్ల ఇబ్బంది జవాబులు ఎక్కువైపోవడం. అందుకే మెక్‌విర్టర్ సోదరుల పద్ధతి ఇప్పుడే ఎక్కువ పనికొస్తుంది. ఈ మాట ఎవరు చెప్పారు? ఆధారం ఏది? భోజనాల దగ్గర నాన్న తన అభిమాన హీరో గురించి ఓ మాట అన్నా, ఫోన్లో ఓ పెద్ద అంకె కనబడినా పిల్లలు ఈ రెండు ప్రశ్నలూ అడిగారనుకోండి... ఎదురు చెబుతున్నారని కసురుకోనక్కర్లేదు. నాన్నా పిల్లలూ కలిసి వెతికితే, వాదన ఎవరు గెలిచినా ఇంటిల్లిపాదికీ ఓ నిజం తెలుస్తుంది.

ఆ రోజు బీవర్ తుపాకీ గుండు పిట్టకు తగిలి ఉంటే అది ఆ రాత్రి విందులో ఓ వంటకమై పోయేది. గురి తప్పింది కాబట్టే ప్రశ్న పుట్టింది. పిట్టను వదిలేసినా ప్రశ్నను వదల్లేదు కాబట్టే డెబ్భై ఏళ్ల పుస్తకం పుట్టింది!