గుడి తెలంగాణలో, పడవ ఆంధ్రాలో.. మరి గైడ్ ఎక్కడ?

భద్రాచలం బస్టాండులో దిగిన యాత్రికుడి రోజు ఎలా గడుస్తుందో మీకు తెలిసిందే. దర్శనం, ప్రసాదం, ఆటోలో పర్ణశాల, వీలైతే మర్నాడు పాపికొండల బోటు. దారి పొడవునా అతనికి కథ చెప్పేది ఎవరు? ఆటో డ్రైవరు కొంత, బోటులో మైకు పట్టుకున్న కుర్రాడు కొంత. మిగతాది ఫోన్లో వెతుక్కుంటాడు. ‘మా దగ్గర ఉద్యోగాలేం ఉన్నాయి సార్’ అని అడిగే ఖమ్మం, కొత్తగూడెం డిగ్రీ విద్యార్థులు ఈ ఖాళీని ఒకసారి గమనించాలి.

పర్యాటకానికి డబ్బు రావడం లేదనలేం. కేంద్రం ‘ప్రసాద్’ పథకం కింద భద్రాచలానికి 41 కోట్ల రూపాయల పైచిలుకు మంజూరు చేసింది. 2022 డిసెంబరులో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము ఇక్కడికే వచ్చి ఆ పనులకు శంకుస్థాపన చేశారు. తెలంగాణ ప్రభుత్వం 2025-30కి కొత్త పర్యాటక విధానం తెచ్చింది. అయితే ఇలాంటి నిధుల్లో ఎక్కువ భాగం కట్టడాలకే పోతుంది. చెప్పే మనిషిని తయారుచేసే పని వెనకబడింది. కేంద్రం 2024 సెప్టెంబరు 27న మొదలుపెట్టిన ‘పర్యటన్ మిత్ర’లో ఆటో, క్యాబ్ డ్రైవర్ల నుంచి విద్యార్థుల దాకా శిక్షణ ఇస్తామన్నారు. తొలి ఆరు చోట్లలో మన గండికోట ఉంది, భద్రాచలం లేదు.

ఢిల్లీ సంగతి చూడండి. ఎర్రకోట, కుతుబ్ మినార్ దగ్గర లైసెన్సు ఉన్న గైడ్లు దొరుకుతారు. వాళ్ల పోటీ వాళ్లది. అదే ఢిల్లీలో పహాడ్‌గంజ్ సందుల్లో నడిచే ఒక టూరుకు విదేశీయులు సైతం డబ్బు కట్టి మరీ వెళ్తారు. సలాం బాలక్ ట్రస్ట్ నడిపే ఆ టూరులో గైడ్లు ఒకప్పుడు రైల్వే స్టేషన్ చుట్టుపక్కల వీధుల్లో బతికిన పిల్లలే. అక్కడ అమ్ముడుపోయేది కట్టడం కాదు, ఆ చోటును లోపలి నుంచి తెలిసిన మనిషి మాట. ఈ లెక్కన భద్రాచలం ఏజెన్సీలో పుట్టి పెరిగిన మీ దగ్గర సరుకు తక్కువేం లేదు.

చిక్కంతా సరిహద్దుతోనే. పోలవరం కోసం 2014లో ఈ ప్రాంతంలోని మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. గుడి, భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలాయి. జటాయువు పడిన చోటుగా చెప్పుకునే యటపాక పట్టణాన్ని ఆనుకునే ఉన్నా అది ఏపీ. పర్ణశాల తెలంగాణ. పాపికొండల బోటు ఎక్కే పోచవరం మళ్లీ ఏపీ. యాత్రికుడికి ఇదంతా ఒకే యాత్ర, గైడ్‌కు మాత్రం రెండు ప్రభుత్వాలు. బోటు కదలాలా వద్దా అన్నది మీ చేతిలోనూ, మీ జిల్లా అధికారుల చేతిలోనూ ఉండదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగి పదుల సంఖ్యలో చనిపోయాక పడవలు చాలాకాలం ఆగిపోయాయి. మామూలు ఏడాదిలోనూ వరద వస్తే ఆపేస్తారు. ఇంకో మాట. పోలవరంలో నీళ్లు పూర్తిమట్టానికి, అంటే 45.72 మీటర్లకు చేరితే, శబరి గోదావరిలో కలిసే కూనవరం రూపమే మారిపోతుంది. ఒక్క బోటునే నమ్ముకుని లెక్కలు వేసుకోవద్దు అనేది అందుకే.

మరి దేన్ని నమ్ముకోవాలి? కథల్ని కలపడాన్ని. నేలకొండపల్లిలో రెండు కథలున్నాయి. ఒకటి బౌద్ధ స్తూపం, రెండోది అక్కడే పుట్టిన కంచర్ల గోపన్న. ఆయన పాల్వంచ తహసీల్దారు అయ్యాడు, గుడి కట్టించాడు, తానీషా కాలంలో గోల్కొండ జైలు పాలయ్యాడు. ఇది ఖమ్మం నుంచి భద్రాచలం దాకా దారి పొడవునా చెప్పగల కథ. దుమ్ముగూడెం ఆనకట్ట ఇంకోటి. 19వ శతాబ్దంలో గోదావరిపై పడవల రాకపోకలకని బ్రిటిష్‌వాళ్లు తలపెట్టిన పథకంలో భాగమది. పర్ణశాల వెళ్లే ఎంతమంది అక్కడ ఆగుతున్నారు? దారిలో ఐటీడీఏ గిరిజన మ్యూజియం కూడా చూపించొచ్చు.

కోయ భాష మాట్లాడే విద్యార్థులకు ఇక్కడ అందరికంటే ఒక అడుగు ముందుంది. అలాగని గూడేన్ని చూపుడు వస్తువు చేయకండి. ఊరివాళ్ల మాట తీసుకోకుండా టూరిస్టును ఇళ్ల ముందుకు తీసుకెళ్లి ఫోటోలు తీయించడం గైడ్ పని కాదు. ఛత్తీస్‌గఢ్, ఒడిశా పక్కనే కాబట్టి, ఇంగ్లిష్ కంటే ముందు హిందీ ధారాళంగా రావాలి.

కాగితం సంగతికొస్తే, ఇంక్రెడిబుల్ ఇండియా టూరిస్ట్ ఫెసిలిటేటర్ పేరుతో కేంద్ర పర్యాటక శాఖకు ఆన్‌లైన్ సర్టిఫికెట్ కోర్సు ఉంది. డిగ్రీ, పీజీ స్థాయిలో చదవాలనుకుంటే హైదరాబాద్ నిథమ్, నెల్లూరులోని ఐఐటీటీఎం ఉన్నాయి. నోటిఫికేషన్, ఫీజు, అర్హతలు వాటి వెబ్‌సైట్లలోనే చూసుకోండి, దళారుల దగ్గర కాదు. సర్టిఫికెట్ చేతికొచ్చినంత మాత్రాన నెల జీతం రాదు. ఇది సీజన్ పని. శ్రీరామనవమికి, ముక్కోటికి ఊపిరాడదు, వానాకాలం ఖాళీ. గ్రూప్స్‌కో, బీఈడీకో చదువుతూ వారాంతాల్లో చేయడం ఇప్పటికి తెలివైన పద్ధతి. రెండు లాడ్జీలతో, ఒక టూర్ ఆపరేటరుతో ముందే మాట్లాడుకోండి. రోజుకు ఎంత, భోజనం ఎవరిది, టూరు రద్దయితే ఎంత ఇస్తారు అన్నవి వాట్సాప్‌లోనైనా రాయించుకోండి.

మొదలుపెట్టే ముందు ఒక పరీక్ష. నలుగురు స్నేహితుల్ని పర్ణశాల తీసుకెళ్లి, సీతమ్మ నారచీరలు ఆరేసిందని చూపించే రాళ్ల దగ్గర పది నిమిషాలు మాట్లాడండి. జనం నమ్మేది ఏది, చరిత్రకు ఆధారం ఉన్నది ఏది అన్న తేడా వినేవాళ్లకు తెలియాలి, భక్తుడి మనసూ నొచ్చుకోకూడదు. ఆ పది నిమిషాలూ వాళ్లు ఫోన్లు జేబులోనే ఉంచితే, టూరిస్ట్ ఫెసిలిటేటర్ దరఖాస్తు నింపడం మొదలుపెట్టొచ్చు.