రహదారి వెంట వాననీరు

రాయలసీమకు వాన కురవకపోవడం ఒక బాధ, కురిసినది నిలువకపోవడం మరొక బాధ. కడప జిల్లాలో ఏటా సగటున సుమారు 700 మిల్లీమీటర్ల వర్షం పడుతుంది. అందులో అధికభాగం కొద్ది రోజులలోనే కుండపోతగా కురిసి వెళ్ళిపోతుంది. తారురోడ్డు నీటిని ఇంకనివ్వదు. 10 మీటర్ల వెడల్పు గల బాటపై 50 మిల్లీమీటర్ల వాన పడితే ఒక్క కిలోమీటరులోనే 5 లక్షల లీటర్ల నీరు చేరుతుంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగుల మీదుగా సాగే 67వ జాతీయ రహదారి పొడవును తలచుకుంటే ఎంత నీరు చేజారుతున్నదో ఊహించవచ్చు.

ఈ నీటిని సిమెంటు కాలువలో పడవేసి వంకకు తరలించడం వాడుకగా వస్తున్న పద్ధతి. అది రోడ్డును కాపాడుతుందేగాని నీటిని కాపాడదు. పైగా వేగం హెచ్చిన నీరు గట్లను కోస్తుంది. టైర్ల అరుగుడు పొడిని, నూనె మరకలను చెరువులో కలుపుతుంది. దీనికి మారుగా వెడల్పైన, లోతు తక్కువ గల పచ్చిక కాలువను తీసి, అక్కడక్కడ చిన్న అడ్డుకట్టలు వేస్తే నీటి నడక మందగిస్తుంది. గరిక, వట్టివేరు బురదను పట్టి ఉంచుతాయి. వేళ్ళ సందుల గుండా నీరు నేలలోకి దిగుతుంది.

అయితే అన్ని నేలలకు ఒకే నమూనా చెల్లదు. పులివెందుల పరిసరాల ఎర్ర గరుసు నేలలలో నీరు సులభంగా ఇంకుతుంది. చీనీతోటలకై తవ్విన బోర్లు నానాటికీ లోతుకు పోయిన ఆ ప్రాంతంలో ఈ నీటి విలువ వేరుగా చెప్పనక్కరలేదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగుల నల్లరేగడి సంగతి వేరు. అది తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. రోడ్డును ఆనుకొని నీరు నిలిపితే రోడ్డే కుంగుతుంది. అక్కడ కాలువను బాటకు ఎడంగా జరిపి, కంకర, ఇసుక నింపిన కందకాలలోనికి నీటిని మళ్ళించాలి. ఇదే జిల్లాలోని పోరుమామిళ్ళ చెరువు శాసనం 1369లోనే చెరువుకు కావలసిన 12 అంగాలను, వర్జించవలసిన 6 దోషాలను పేర్కొన్నది. రోడ్ల అంచనాలు వేసేవారికి ఆపాటి శ్రద్ధ ఉండవద్దా? వడపోత లేకుండా రోడ్డునీటిని ఎండిన బోర్లలోకి వదలడం మాత్రం ఎక్కడా తగదు. నూనె, భారలోహాలు తాగునీటిలో చేరుతాయి.

వేసవిలో గడ్డి మాడిపోతుందనీ, మేకలు మిగల్చవనీ కొందరి వాదం. ఇందులో కొంత నిజముంది. 2021 నవంబరులో కమలాపురం వద్ద పాపాఘ్ని వంతెనను కూల్చినటువంటి వరదను పచ్చిక ఆపలేదన్నదీ నిజమే. కాని ఏటేటా వచ్చే చిన్న వానలను అది ఆపగలదు. గరిక వేరు చావదు, తొలకరికి మళ్ళీ చిగురిస్తుంది. 2015 నాటి హరిత రహదారుల విధానం నిర్మాణ వ్యయంలో 1 శాతాన్ని మొక్కల పెంపకానికి కేటాయించింది. ఆ సొమ్ము పూలమొక్కల వరుసలకే సరిపోరాదు. రోడ్డు విస్తరణకు పూర్వమే నేలను పరీక్షించి, గడ్డి నిలదొక్కుకొనే తొలి రెండు వానకాలాలూ కంచె, కాపలా, పూడికతీతల బాధ్యతను గుత్తేదారు ఒప్పందంలోనే చేర్చాలి.