మిలటరీలో మందుల పని: యూనిఫాం కాదు, కాగితం చూడండి

బందరు, గుడివాడ, అవనిగడ్డల్లో ఇంటర్ బైపీసీ చదివే మన పిల్లలకి రెండే దారులు చూపిస్తన్నారు. నీట్ రాసి డాక్టరవ్వాలి, లేదంటే ఊళ్లో దొరికిన పని చేసుకోవాలి. 2023లో బందరులో గవర్నమెంటు మెడికల్ కాలేజీ తెరిచారు. సంతోషమే. కానీ కోచింగుకి లక్షలు పొయ్యలేని కూలోళ్ల పిల్లలు ఎంతమంది ఆ గేటు దాటతారు? ఈ రెంటికీ మధ్య ఇంకో దారుంది. మిలటరీలో డాక్టరు పక్కన నిలబడి వైద్యం చేసే పని. మన పల్లెల్లో దాని గురించి చెప్పేవాళ్లే లేరు.

ఆర్మీలో ఈ పనికి నర్సింగ్ అసిస్టెంటు అని పేరు. నేవీలో, ఎయిర్‌ఫోర్సులో మెడికల్ అసిస్టెంటు అంటారు. మూడింటికీ బైపీసీతో ఇంటర్ కనీసం 50 శాతం మార్కులతో పాసవ్వాలి. కట్లు కట్టడం, ఇంజెక్షన్లు, సెలైన్లు, ఆపరేషన్లలో సాయం, గాయపడ్డవాణ్ణి ప్రాణంతో ఆసుపత్రికి చేర్చడం, ఇదీ పని. మూడింట్లో ఏది ఎంచుకోవాలి? నీలం బట్టలు బాగుంటయ్యా, ఆకుపచ్చ బట్టలు బాగుంటయ్యా అని చూడొద్దు. మూడు ప్రశ్నలు అడగండి.

మొదటి ప్రశ్న: ఉద్యోగం ఎన్నేళ్లు? 2022 జూన్‌లో అగ్నిపథ్ వచ్చింది. అగ్నివీరుకి నాలుగేళ్లే నౌకరీ. నూటికి పాతికమంది వరకే ఉంచుకుంటారు, మిగతావాళ్లు పింఛను లేకుండా ఇంటికి రావాల్సిందే. ఆ తర్వాత కూడా ఈ వైద్య సహాయకుల పోస్టుల్ని పాత పద్ధతిలో, రెగ్యులర్ ఉద్యోగాలుగానే ప్రకటిస్తూ వచ్చారు. 15 ఏళ్లు సర్వీసు చేస్తే సిపాయికి పింఛను వస్తది. బైపీసీ చదివిన కుర్రాడు తొందరపడి జనరల్ డ్యూటీకి పేరు రాయించుకుంటే నోటికాడ కూడు కాలదన్నుకోవడమే. ప్రతి ప్రకటనలోనూ ఈ ఒక్క సంగతి వెతికి చదవండి. బ్రోకర్ల మాట నమ్మి పైసా ఇవ్వొద్దు.

రెండో ప్రశ్న: చెయ్యి ఎక్కడ తిరుగుతది? ఆర్మీ పెద్దది. సరిహద్దు గుడారం నుంచి పెద్దాసుపత్రి దాకా అన్నిరకాల రోగుల్నీ చూపిస్తది. నేవీలో చిన్న ఓడల మీద డాక్టరే ఉండడు. మెడికల్ అసిస్టెంటే అన్నీ చూసుకోవాలి. నాగాయలంక, కోడూరు వైపు పడవల మీద పెరిగిన పిల్లలకి సముద్రం కొత్త కాదు, కానీ ఆ బాధ్యత బరువైంది. ఎయిర్‌ఫోర్సులో ఎక్కువగా విమాన స్థావరాల్లోని ఆసుపత్రుల్లో పని. మొదటి తరం చదువుకున్న మన పిల్లలకి ఆర్మీయే ముందని నేనంటాను. అక్కడ నేర్చుకునేది ఎక్కువ. ఇంకో సంగతి. కొన్ని రెజిమెంట్లలో ఇప్పటికీ కులం పేరు చూసే భర్తీ. ఆర్మీ మెడికల్ కోర్‌లోకి ఏ కులంవాడైనా పోవచ్చు. సిపాయి భర్తీలో మనకి రిజర్వేషను లేదు గనక పరుగూ చదువూ రెండూ కావాలి. కృష్ణా జిల్లావాళ్లకి ఆర్మీ భర్తీ ఆఫీసు విశాఖపట్నంలో ఉంది. ఆడపిల్లలకి మిలటరీ నర్సింగ్ సర్వీసుంది. నీట్ మార్కుల మీద బీఎస్సీ నర్సింగులో చేర్చుకుంటారు, పాసైతే ఆఫీసరు హోదా.

మిలటరీ కొలువు మనవాళ్లకి కొత్తేం కాదు. బాబాసాహెబ్ తండ్రి రాంజీ మిలటరీలో సుబేదారు, సైనిక బడిలో పాఠాలు చెప్పినవాడు. ఆ కొలువే ఆ ఇంటికి అక్షరం తెచ్చింది. 1890ల్లో తెల్లదొరలు మహర్లకి ఆ తలుపు మూసేశారు. తలుపు తెరిచున్నప్పుడే లోపలికి పోవాలి.

మూడో ప్రశ్న: తిరిగొచ్చేటప్పుడు చేతిలో ఏ కాగితం ఉంటది? అసలు కొట్లాట ఇక్కడే ఉంది. 1965లో అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీలో యూజీన్ స్టెడ్ అనే డాక్టరు ఫిజీషియన్ అసిస్టెంటు కోర్సు మొదలుపెట్టాడు. మొదటి నలుగురు విద్యార్థులూ నేవీలో వైద్య సహాయకులుగా చేసొచ్చినవాళ్లే. వాళ్ల అనుభవాన్ని ఆ దేశం చదువు కింద లెక్కగట్టి కొత్త వృత్తినే కట్టింది. మన దేశంలో ఫిజీషియన్ అసిస్టెంటు వృత్తిని 2021 చట్టం గుర్తించింది. మరి పదిహేనేళ్లు రోగుల మధ్య బతికిన మన సిపాయి ఊరికొచ్చి ఏం చెయ్యాలి? బ్యాంకు గేటు కాడ తుపాకి పట్టుకుని నిలబడాలా? చట్టం ఒప్పని ఆరెంపీ అని పిలిపించుకోవాలా?

1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమని ఊడ్చుకుపోయింది, వేలమందిని మింగింది. అలాంటి నేల మీద వైద్యం తెలిసిన చెయ్యి ఒక్కటి కూడా వృథా కాకూడదు. మాజీ సైనిక వైద్య సహాయకులకి చిన్న కోర్సు పెట్టి పరీక్ష జరపండి, పాసైనవాళ్లని మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో నియమించండి అని సర్కారుని అడగాలి. సంఘాలు మండలం మండలానా అర్జీలు పెట్టాలి.

ఊళ్లో మన చెయ్యి తగిలితే మైలన్నారు. ఓడలోనో సరిహద్దులోనో ప్రాణం మీదికొచ్చినవాడు ఆ చెయ్యి కులం అడగడు. ఆ చెయ్యి ఇంటికి తిరిగొచ్చాక కూడా విలువ దక్కించుకోవాలి. అది మనం అడిగితేనే వస్తది.