షోరూమ్ ముందు ఒక్క చక్కర్ చాలదు

శ్రీకాకుళంలోనో విశాఖలోనో ఓ బైకుల షోరూమ్. బయట డెమో బండి తుడిచి పెట్టి ఉంటుంది. పలాస నుంచో సోంపేట నుంచో వచ్చిన కుర్రాడు లైసెన్సు చూపిస్తాడు. సేల్స్ కుర్రాడు తాళం చేతిలో పెట్టి, "ఆ ఫ్లైఓవర్ దాకా వెళ్లి యూటర్న్ కొట్టి వచ్చేయండి సార్" అంటాడు. నున్నటి తారు, తిన్నని దారి. రెండో గేరులో ఒక్కసారి గట్టిగా రేజ్ ఇస్తే బండి ముందుకు దూకుతుంది, గుండె జల్లుమంటుంది. తిరిగొచ్చి స్టాండ్ వేసేసరికి నిర్ణయం అయిపోతుంది. రెండున్నర, మూడు లక్షల రూపాయల బేరం పది నిమిషాల్లో ముగుస్తుంది. పెళ్లి చీరలకి బరంపురం వెళ్లిన కుటుంబం ఒక్కో చీర మడత విప్పి చూడటానికే ఇంతకంటే ఎక్కువ సేపు తీసుకుంటుంది.

ఆ చక్కర్‌లో తెలిసేది ఇంజన్ ఎంత గట్టిదో మాత్రమే. ఈ రోజుల్లో ఇంజన్లన్నీ గట్టివే. తెలియాల్సినవి వేరే ఉన్నాయి. జీడితోటల మధ్య ఇసుక మేటవేసిన రోడ్డు మీద బ్రేకు ఎలా పడుతుంది? కాశీబుగ్గ రైల్వే గేటు పడినప్పుడు తొడలకి ఎంత సెగ తగులుతుంది? వెనక సీటు మీద అమ్మ కూర్చోగలదా? వీటికి జవాబు షోరూమ్ ముందు దొరకదు. అడిగే అలవాటు కొనేవాళ్లకీ లేదు, చూపించే ఓపిక అమ్మేవాళ్లకీ లేదు. ఈ పద్ధతి మారాలి.

ముందు తొడుగు లేకుండా ఇంజన్, ఫ్రేమ్ బయటికి కనిపించే నేకెడ్ బైకుల్లో శక్తిమంతమైనవి ఒకప్పుడు నగరాల సరదా. 2013లో కేటీఎం 390 డ్యూక్ మన దేశంలోకి రావడంతో లెక్క మారింది. మధ్యతరగతి ఇల్లు అప్పు చేసైనా అందుకోగల ధరలో నలభైకి పైగా గుర్రాల శక్తి (పీఎస్) వచ్చింది. ఆ డ్యూక్ 2023లో 399 సీసీ, 46 పీఎస్‌కి చేరింది. 2023 జులైలో 2.33 లక్షల ఎక్స్‌షోరూమ్ ధరతో ట్రయంఫ్ స్పీడ్ 400, అదే సెప్టెంబర్‌లో టీవీఎస్ అపాచీ ఆర్టీఆర్ 310, 2024 మేలో 1.85 లక్షలకే బజాజ్ పల్సర్ ఎన్ఎస్400జడ్, జులైలో రాయల్ ఎన్‌ఫీల్డ్ గెరిల్లా 450 వరసగా దిగాయి. పదేళ్ల కిందట ఒక్కటే ఉన్న చోట ఇప్పుడు అయిదారు బళ్లు పోటీ పడుతున్నాయి. ఇన్ని ఉన్నప్పుడు తేడా తెలియాలంటే నడిపి చూడటం తప్ప దారి లేదు.

ఈ రకం బండి ఇక్కడికి పనికిరాదని కాదు. నిజానికి బాగా నప్పుతుంది. 2018లో కేంద్రం నిర్ణయించిన గరిష్ఠ వేగాల ప్రకారం నాలుగు వరసల డివైడర్ రోడ్డు మీద ద్విచక్ర వాహనానికి పరిమితి గంటకు 80 కిలోమీటర్లు, మామూలు రోడ్ల మీద 60. ఎనభై దాకా గాలి ఛాతీకి తగులుతున్నా ఒళ్లు అలసిపోదు, తొడుగు అవసరం పడదు. నడుము నిటారుగా ఉంటుంది, ఆటో మీదుగా అవతల ఏముందో కనిపిస్తుంది. హ్యాండిల్ వెడల్పుగా ఉండటం వల్ల గుంత తప్పించడం తేలిక. తంటా అంతా ఆ ఎనభైకి, బండి అందుకోగల వేగానికి మధ్య ఉన్న దూరంతోనే. నలభై పీఎస్ బండి దాదాపు దానికి రెట్టింపు వేగం వెళ్తుంది. ఇక కవాసాకి జడ్900 లాంటిదయితే 948 సీసీ, 212 కిలోలు, మొదటి గేరులోనే ఎనభై దాటేస్తుంది. అంటే మిగిలిన అయిదు గేర్లు శ్రీకాకుళం జిల్లాలో చట్టప్రకారం అవసరమే లేనివి. లీటరుకు దగ్గరగా ఉన్న ఇంజన్ల మీద మోజు ఎవరికైనా ఉండవచ్చు గాని, పలాస, సోంపేట చుట్టూ ఉన్న ఈ ఉద్దానం ప్రాంతంలో రోజూ తిరగడానికి అలాంటి బండి కొనడం తప్పు ఎంపిక. డబ్బుండటం దానికి సమర్థన కాదు.

జాతీయ రహదారి 16 పైకి చూడటానికి రేస్ ట్రాక్‌లా ఉంటుంది. దాని స్వభావం వేరు. టెక్కలి చుట్టుపక్కల క్వారీల నుంచి నీలి గ్రానైట్ దిమ్మలు మోసుకుని లారీలు మెల్లగా రోడ్డెక్కుతాయి. డివైడర్‌లో సందు ఉన్న ప్రతిచోటా ఓ ట్రాక్టరో ఆవో అడ్డం వస్తుంది. కోటబొమ్మాళి మండలం నిమ్మాడకు చెందిన కింజరాపు ఎర్రన్నాయుడు ఇదే రహదారి మీద, 2012 నవంబర్ 2న అర్ధరాత్రి దాటాక, రణస్థలం దగ్గర దండానపేట వద్ద తన కారు ఆయిల్ ట్యాంకర్‌ను ఢీకొని చనిపోయారు. కారులో ఉన్న కేంద్ర మాజీ మంత్రినే ఆ రోడ్డు వదల్లేదు. బండి మీద వెళ్లే మనిషికి చుట్టూ రేకు కూడా ఉండదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే అందులో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్లే.

రహదారి దిగి సముద్రం వైపు తిరిగితే ఇంకో లోకం. వజ్రపుకొత్తూరు, అక్కుపల్లి, మంచినీళ్లపేట, ఇటు బారువ, కవిటి. కొబ్బరి, జీడి, పనస తోటల మధ్య నుంచి వెళ్లే సన్నని రోడ్లు. తీరం దగ్గరపడే కొద్దీ గాలికి కొట్టుకొచ్చిన ఇసుక తారు అంచుల్ని కప్పేస్తుంది. మలుపులో ఆ ఇసుక రెండు వేళ్ల వెడల్పున పరుచుకుని ఉన్నా, అక్కడ ముందు బ్రేకు గట్టిగా పట్టినవాడి ముందు చక్రం చేతి కింద నుంచి జారిపోతుంది. ఏబీఎస్ చక్రం లాక్ కాకుండా చూస్తుంది, నిజమే. 125 సీసీ దాటిన బళ్లకి 2019 ఏప్రిల్ నుంచి అది తప్పనిసరి కూడా. కాని పట్టే లేని నేల మీద పట్టు పుట్టించే యంత్రం ఏదీ లేదు. బండి వంగి ఉన్నప్పుడు మరీ కష్టం.

ఇసుక ఏం చేయగలదో తెలుగువాళ్లంతా ఒకసారి చూశారు. 2021 సెప్టెంబర్ 10 రాత్రి హైదరాబాద్‌లో దుర్గం చెరువు కేబుల్ వంతెన దాటాక, ట్రయంఫ్ బైకు మీద వెళ్తున్న నటుడు సాయి ధరమ్ తేజ్ రోడ్డు మీద ఉన్న ఇసుకకి జారి పడిపోయారు. పడిన సమయంలో వేగం గంటకు 72 కిలోమీటర్ల దాకా ఉందని పోలీసులు చెప్పారు. ఆ బండి సామర్థ్యంతో పోలిస్తే అది పెద్ద వేగమేమీ కాదు. తలకి హెల్మెట్ ఉంది. చాలాకాలం చికిత్స తర్వాత కోలుకుని 2023లో 'విరూపాక్ష'తో మళ్లీ ప్రేక్షకుల ముందుకొచ్చారు. మహానగరంలో వెలుగులు పరిచిన రోడ్డు మీద అలా జరిగితే, దీపం లేని అక్కుపల్లి మలుపు సంగతి ఏమిటి?

దీపం మాట వచ్చింది కాబట్టి ఎలుగుబంట్ల గురించి చెప్పాలి. బయటివాళ్లకి వింతగా ఉంటుంది గాని, ఉద్దానంలో సందె పడ్డాక జీడితోటల పక్కన బండి నడిపే ప్రతివాడి మనసులో ఈ భయం ఉంటుంది. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి వైపు ఎలుగు దాడిలో ఒకరు ప్రాణం కోల్పోయారు, మరికొందరు గాయపడ్డారు. నల్లని జంతువు, నల్లని రోడ్డు. హెడ్‌లైటు వెలుగు ఎంత దూరం పడుతుంది, పక్కలకి ఎంత పరుచుకుంటుంది అన్నది ఇక్కడ ప్రాణానికి సంబంధించిన విషయం. పగలు పన్నెండింటికి టెస్ట్ రైడ్ చేసినవాడికి అది ఎలా తెలుస్తుంది? సాయంత్రం ఏడు తర్వాత ఒకసారి నడిపి చూడకుండా ఈ ప్రాంతపు మనిషి ఏ బండికీ అడ్వాన్సు కట్టకూడదు.

నడపడం కంటే ముందే కొన్ని పరీక్షలున్నాయి. ఇంజన్ స్టార్ట్ చేయకుండా బండి మీద కూర్చుని, కాళ్లతో వెనక్కి నెట్టుకుంటూ చిన్న ఎత్తు ఎక్కించాలి. ఊళ్లో వీధి గుమ్మం ముందు రోజూ చేయాల్సిన పని అదే. డ్యూక్ సీటు ఎత్తయినది, బరువు 168 కిలోలు. గెరిల్లా సీటు ఎత్తు 780 మిల్లీమీటర్లు, బరువు 185 కిలోలు. కాగితం మీద డ్యూక్ తేలిక. కాని అయిదడుగుల నాలుగంగుళాల మనిషికి మునివేళ్లు మాత్రమే ఆనే తేలిక బండి కంటే, రెండు పాదాలూ నిండుగా ఆనే బరువు బండే నయం. వాన పడిన ఎర్రమట్టి మీద ఆగాల్సి వచ్చినప్పుడు ఈ తేడా తెలుస్తుంది. తర్వాత సన్నని సందులో, కాలు కింద పెట్టకుండా, మొదటి గేరులో యూటర్న్ తిప్పాలి. ఆపైన మూడో గేరులో ముప్పై కిలోమీటర్ల వేగంతో నడుపుతూ రేజ్ ఇచ్చి చూడాలి. బండి దడదడలాడుతుందా, సాఫీగా లాగుతుందా? పది ఊళ్లు దాటేలోగా ఇరవై సార్లు చేయాల్సిన పని ఇది. ఖాళీగా ఉన్న మంచి రోడ్డు చూసుకుని నలభై వేగంలో రెండు బ్రేకులూ కలిపి గట్టిగా పట్టి, లివర్ కింద ఏబీఎస్ కొట్టుకోవడం ఒకసారి చేతికి తెలియనివ్వాలి. మొదటిసారి అది తెలిసేది లారీ ముందు కాకూడదు.

చివరికి వెనక సీటు. "ఏటి నానా, దీని మీద మీ అమ్మ ఎలాగ కూకుంటాది?" అని ఉద్దానంలో ఏ తండ్రయినా అడిగే ప్రశ్నని పాతకాలపు ప్రశ్నగా కొట్టిపారేయకూడదు. ఇంట్లో ఒకటే బండి ఉన్నప్పుడు బజారుకీ అదే, పెళ్లికీ అదే, ఆసుపత్రికీ అదే. 2023 డిసెంబర్ 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది. చుట్టుపక్కల ఊళ్లలో రక్తపరీక్షకో డయాలసిస్‌కో వెళ్లాల్సిన పెద్దవాళ్లు చాలామందికి కొడుకు బండే దిక్కు. నీరసించిన మనిషి ఎత్తయిన, చేతివెడల్పు సీటు మీదికి కాలు వేసి ఎక్కలేడు. చీర కట్టుకున్న మనిషి ఒకవైపు కూర్చుంటే పట్టుకోవడానికి చోటు ఉండాలి. ఇంట్లోవాళ్లని షోరూమ్‌కి తీసుకెళ్లి ఎక్కించి చూడటంలో నామోషీ ఏమీ లేదు.

ఇలా చూసుకుంటే ఏది మంచిది? గెరిల్లా 450లో 40 న్యూటన్ మీటర్ల టార్క్ 5,500 ఆర్‌పీఎం దగ్గరే అందుతుంది. మాటిమాటికీ గేర్లు మార్చకుండా ఊళ్లు దాటవచ్చు. పదకొండు లీటర్ల ట్యాంకు చిన్నదే అయినా, ఈ రోడ్లకి ముందుగా చూడాల్సిన బండి అదే. దానికి గట్టి పోటీ స్పీడ్ 400. 2023లో వచ్చినప్పుడు దాని సీటు 790, ట్యాంకు 13 లీటర్లు, బరువు 176 కిలోలు, 40 పీఎస్. డ్యూక్ గొప్ప యంత్రం, అందులో సందేహం లేదు. మహేంద్రగిరి ఘాట్ మలుపుల్లో దాని చట్రం పనితనం వేరే స్థాయిలో ఉంటుంది. కాని అది నడిపేవాడిని తొందరపెట్టే బండి. 100 సీసీ నుంచి నేరుగా దాని మీదికి ఎక్కడం మంచిది కాదు. మధ్యలో రెండేళ్లు 150, 200 సీసీ బండి నడపడం అవసరం. ఎన్ఎస్400జడ్ ధరకి న్యాయం చేస్తుంది.

అపాచీ 310ది ప్రత్యేక లెక్క. 312 సీసీలోనే 35.6 పీఎస్ ఇచ్చే ఈ బండి 350 సీసీ గీతకి ఇవతల ఆగుతుంది. ఆ గీత ఇప్పుడు చాలా ఖరీదైనది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాకా జీఎస్టీ 18 శాతం, దాటితే 40 శాతం. 2022 జూన్‌లో వచ్చిన రేట్ల ప్రకారం కొత్త బండికి అయిదేళ్ల థర్డ్ పార్టీ బీమా 350 దాటితే 15,117 రూపాయలు, 150 నుంచి 350 లోపయితే 7,365. ఆ మిగులుతో మంచి ఐఎస్ఐ హెల్మెట్, జాకెట్, గ్లౌజులు, చీలమండ దాటిన బూట్లు వస్తాయి. ఇదే బండి మీద ఏళ్లపాటు తిరిగే కుర్రాడికి అదనపు అయిదు పీఎస్ కంటే ఇవే అక్కరకొస్తాయి.

ఇక సర్వీసు సంగతి. పలాస నుంచి శ్రీకాకుళం దాదాపు 75 కిలోమీటర్లు, విశాఖ దానికి రెట్టింపు పైనే. పెద్ద బ్రాండ్ల సర్వీసు ఎక్కువగా దొరికేది అక్కడే. సర్వీసుకి ఒక పూట పోతుంది, చిన్న విడిభాగానికి వారం ఆగాలి. 150 సైజు వెనక టైరు ఊళ్లో పంక్చర్ షాపులో ఉండదు. కొనేముందు ఆ సర్వీసు సెంటర్ లోపలికి వెళ్లి, బండి తెచ్చి నిలబడ్డ ఇద్దరు ముగ్గురితో మాట్లాడాలి. షోరూమ్ అద్దాల వెనక చెప్పని సంగతులు అక్కడ తెలుస్తాయి.

డీలర్లు చేయాల్సింది కూడా ఉంది. కాశీబుగ్గ, టెక్కలి, సోంపేట నుంచి కొనేవాళ్లు వస్తున్నప్పుడు నెలకో శనివారం డెమో బళ్లని అక్కడికే తీసుకురావచ్చు. లైసెన్సు చూసి, హెల్మెట్, గ్లౌజులు ఇచ్చి, వెనకే ఇంకో బండి మీద తమ మనిషిని పంపి, కాశీబుగ్గ నుంచి అక్కుపల్లి దాకా వెళ్లి రానివ్వాలి. పగలు ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి. కొంత ఇంధనం, ఒక మనిషి జీతం, బండికి పడే నాలుగు గీతలు తప్ప దానికి అయ్యే ఖర్చు పెద్దగా లేదు. అలా చేయని చోట కొనేవాళ్లే గట్టిగా అడగాలి. దసరా, సంక్రాంతి ఆఫర్ల గడువు చూపించి తొందరపెడితే ఇంకో డీలర్ దగ్గరికి వెళ్లాలి. పండగ దాటినా ఆ బండి అక్కడే ఉంటుంది.