వెళ్లేముందు అడగండి

1998 అక్టోబరు చివర్లో మిచ్ తుపాను మధ్య అమెరికాను ముంచెత్తింది. ఒక్క హోండురాస్‌లోనే 5,000 మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత ఉత్తర అమెరికా చర్చిల నుంచి విశ్వాసులు జట్లు జట్లుగా వెళ్లి, కొద్దిరోజులుండి, నిలువనీడ లేనివారికి ఇళ్లు కట్టారు.

కొన్నేళ్లకు కర్ట్ వెర్ బీక్ అనే సామాజిక శాస్త్రవేత్త కట్టి వెళ్లినవారినీ, ఆ ఇళ్లలో కాపురం ఉంటున్నవారినీ కలిశారు. ఇంటికైన ఖర్చు దాదాపు 2,000 డాలర్లు. ప్రయాణాలతో కలిపి ఒక్కో జట్టు పెట్టింది సుమారు 30,000. స్థానిక సంస్థలు కట్టిన ఇళ్లలో ఉన్నవారికీ, విదేశీయులు కట్టినవాటిలో ఉన్నవారికీ జీవితంలో వచ్చిన మార్పు ఇంచుమించు ఒక్కటే.

వెళ్లినవారి ప్రేమ నిజమైనదే. అయితే ప్రేమకు నిలకడ కూడా కావాలి.

1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో వి.ఎస్. అజరయ్య ఈ మాటే మరోలా అడిగారు: పాశ్చాత్యుల త్యాగాలతో పాటు వారి స్నేహమూ కావాలని. తమిళనాట పుట్టిన ఆయన తెలుగు నేర్చుకుని, 1912లో డోర్నకల్ బిషప్ అయి, 1945లో కన్నుమూసేదాకా ఇక్కడే ఉండిపోయారు.

విదేశీ సేవాయాత్రలపై ఈ సంచిక చదివే సంఘాలకు ఒక విన్నపం. టికెట్లు కొనేముందు అక్కడి సంఘాన్ని ఏం కావాలో అడగండి. డబ్బు పంపితే చాలంటే పంపండి. రమ్మంటే వెళ్లండి, తిరిగొచ్చాక ఆ పరిచయాన్ని తెంచుకోకండి.