నడవడానికి దారి అడిగితే గొంతెమ్మ కోరికా?

వేసవి సెలవులొస్తే చాలు, మా ఫ్లాట్స్ ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒకటే ప్రశ్న: పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్తున్నారు? జవాబులూ ఏటా అవే. మాల్. గేమ్ జోన్. ఊరవతల రిసార్టు. ఈసారి నేను "మౌలాలి గుట్ట ఎక్కిద్దాం, చెరువు చుట్టూ నడిపిద్దాం" అని రాశాను. నవ్వే బొమ్మలు వరసగా వచ్చి పడ్డాయి. "హైకింగా అక్కా? మౌలాలిలోనా?" అని ఒకమ్మాయి అడిగింది.

ఆ అమ్మాయి మీద నాకేం కోపం లేదు. ఆ ప్రశ్న అంత సహజంగా వచ్చిందే, దాని మీద ఉంది నా కోపం. నడక అంటే కొండప్రాంతాల వాళ్ళది, విదేశాల వాళ్ళది, వేలు పోసి బూట్లు కొనుక్కునేవాళ్ళది అని మనకి మనమే తీర్మానించేసుకున్నాం. మన పక్కన గుట్ట ఉంది. చెరువులున్నాయి. నది ఉంది. ఆఖరికి దారి వదలాలని చెప్పే రూలు కూడా ఉంది. లేనిదల్లా ముసలీముతకా, పిల్లాజెల్లా కలిసి నడవగలిగే దారి.

ముందు మన చుట్టూ ఏముందో చూడండి. నాచారం వైపు హెచ్‌ఎంటీ నగర్ పెద్ద చెరువు. రామంతాపూర్‌లో పెద్ద చెరువు, చిన్న చెరువు. ఉప్పల్‌లో నల్ల చెరువు. ఇటు కాప్రా చెరువు, సఫిల్‌గూడ చెరువు. ఉప్పల్ దాటితే మూసీ. మన పాత చెరువులు గొలుసుకట్టు చెరువులు. పైది నిండితే మత్తడి దుంకి కిందిదానిలోకి, అక్కణ్ణుంచి ఇంకోదానిలోకి, చివరికి వాగులోకో నదిలోకో నీళ్ళు వెళ్ళేవి. నీళ్ళు నడిచిన దారి వెంటే మనుషులూ నడిచారు. చెరువు కట్ట నీళ్ళని ఆపేది, ఊరికి రాస్తాగానూ పనికొచ్చేది. కట్ట మీద మైసమ్మ ఉండేది, వేపచెట్టు ఉండేది, కూర్చోవడానికి రాయి ఉండేది. హైకింగ్ ట్రెయిల్‌కి తెలుగు మాట చెప్పమని ఎవరైనా అడిగితే, బీఏ తెలుగు చదివినందుకు నేను కొత్త పదమేదీ పుట్టించక్కర్లేదు. కట్ట ఉంది. గట్టు ఉంది. బాట ఉంది. మాటలు మిగిలాయి, దారులే పోయాయి.

ఇక మౌలాలి గుట్ట. హైదరాబాద్ చుట్టూ ఉన్న ఈ గ్రానైటు రాళ్ళ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. మన కళ్ళెదుట ఉన్న రాయి ముందు హిమాలయాలు నిన్నగాక మొన్న పుట్టినవి. గుట్ట మీద దర్గా కుతుబ్‌షాహీల కాలం నుంచీ ఉంది. పైదాకా మెట్లున్నాయి. కింద మహలఖా బాయి సమాధి ఉంది. 1768లో పుట్టి 1824లో పోయిన ఉర్దూ కవయిత్రి ఆమె. తన తల్లి కోసం ఆమె కట్టించిన ఆవరణలోనే ఆమెనీ ఖననం చేశారు. మన పిల్లలు చార్మినార్ గురించి పరీక్షలో రాస్తారు, ఇంటికి ఇంత దగ్గర్లో ఒక కవయిత్రి నిద్రపోతోందని తెలియదు వాళ్ళకి. రాళ్ళని కాపాడాలని 1996 నుంచి పనిచేస్తున్న సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్ళు రాళ్ళ మధ్య నడకలు పెడతారు. అంటే ఈ నగరంలో రాయి చూడ్డానికి నడిచేవాళ్ళు ఉన్నారు. మనమే ఆ లెక్కలో లేం.

మూసీ సంగతి ఇంకా విచిత్రం. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుడుతుంది. సెలవు రోజు వస్తే ఆ కొండల్లో ట్రెక్కింగ్‌కని కార్లేసుకుని వెళ్తాం, ఫొటోలు పెడతాం. అదే మూసీ మన ఉప్పల్ దాకా వచ్చేసరికి కారు అద్దాలెక్కించి ముక్కు మూసుకుంటాం. పుట్టింట్లో చూసి మురిసిపోయి, మన గడప దగ్గరికొచ్చాక మొహం తిప్పుకున్నట్టు లేదూ ఇది?

రూలు ఉందన్నాను కదా. 2012 ఏప్రిల్‌లో వచ్చిన భవన నిర్మాణ నిబంధనల జీవో, నంబరు 168. పది హెక్టార్లూ అంతకు మించిన చెరువు అయితే దాని హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువో కుంటో అయితే 9 మీటర్లు ఏమీ కట్టకుండా వదలాలి. బఫర్ జోన్ అని రోజూ పేపర్లో చదువుతున్నామే, అదే. అక్కడితో ఆగలేదు ఆ జీవో. ఒడ్డు వెంట పచ్చదనం పెంచడంతో పాటు కనీసం 12 మీటర్ల వెడల్పున చుట్టూ రోడ్డో, విహరించే దారో వెయ్యవచ్చని కూడా రాసింది. కాకపోతే చివర్లో చిన్న తోక తగిలించింది: వీలున్న చోట.

ఎక్కడ వీలైంది మరి? దుర్గం చెరువు దగ్గర వీలైంది. అక్కడ 2020లో తీగల వంతెన కూడా వచ్చింది. మన తూర్పు వైపుకొచ్చేసరికి ఆ 'వీలు' ఎందుకు దొరకదు? 2023లో మన ఉప్పల్ కూడలికి స్కైవాక్ వచ్చింది. మంచిదే, అంతకుముందు అక్కడ రోడ్డు దాటడం ప్రాణసంకటం. కానీ అది మెట్రోకీ బస్టాపుకీ చేరడానికి వేసిన దారి. నేను అడుగుతున్నది ఎక్కడికీ చేరక్కర్లేని దారి.

"మనకీ పార్కులున్నాయిగా, వాకింగ్ ట్రాకులున్నాయిగా" అంటారు. ఉన్నాయి. ఒకచోట, పేరెందుకు లెండి, మా అత్తమ్మని తీసుకుని పొద్దున పదింటికి వెళ్ళాను. గేటుకి తాళం. బోర్డు మీద ఉదయం 5 నుంచి 9, సాయంత్రం నాలుగున్నర నుంచి 7. "టైమైపోయిందమ్మా" అన్నాడు కాపలా అతను. పొద్దున అయిదు నుంచి తొమ్మిది దాకా ఇంటి ఇల్లాలు ఏం చేస్తుంటుంది? కుక్కర్ పెడుతుంది, డబ్బాలు సర్దుతుంది, పిల్లలకి జడలేసి బస్సెక్కిస్తుంది, నీళ్ళొస్తే సంపు నింపుకుంటుంది. సాయంత్రం ఏడింటికి అదే పిల్లల హోంవర్కు, అదే పొయ్యి. ఆమెకి ఊపిరాడే వేళ పదిన్నర నుంచి పన్నెండు. ఆ వేళకి తాళం. ఈ వేళలు పెట్టినవాళ్ళ ఇంట్లో ఎవరో ఒకరు టిఫిన్ డబ్బా సర్ది ఇచ్చే ఉంటారు. ఆవిణ్ణి ఒక్క మాట అడిగి ఉంటే ఆ బోర్డు వేరేగా ఉండేది.

వేళలు ఒక్కటే కాదు. ఇంటిల్లిపాది నడక వేరు, వాకర్ నడక వేరు. వాకర్‌కి చదునైన ట్రాకు, చేతికి గడియారం చాలు. మాకు నూరడుగులకొక అరుగు కావాలి, మా అత్తమ్మ మోకాళ్ళు పట్టుకుని కూర్చుంటుంది కాబట్టి. నీడ కావాలి. తాగేనీళ్ళు కావాలి. అన్నిటికన్నా ముందు శుభ్రమైన టాయిలెట్ కావాలి. అది లేకే సగం మంది ఆడవాళ్ళు బయటికెళ్తే నీళ్ళు తాగడం మానేస్తారు, ఆ మాట పైకి చెప్పరు. పిల్లల చెయ్యి వదిలినా నీళ్ళలో పడని కంచె కావాలి. ఇవన్నీ అడిగితే గొంతెమ్మ కోరికలంటారు.

ఇవన్నీ ఉన్న దారి తెలుగువాళ్ళకి తెలియనిదా? అలిపిరి నుంచి తిరుమలకి దాదాపు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. ఏ ట్రెక్కింగ్ క్లబ్బూ పిలవకుండానే బాలింతలు, బామ్మలు, పసుపు కుంకుమ పెడుతూ ప్రతి మెట్టుకీ వంగే అమ్మలు, చెప్పులు కూడా లేకుండా ఎక్కుతారు. ఎలా? నెత్తి మీద కప్పు ఉంది, నీళ్ళున్నాయి, మరుగుదొడ్లున్నాయి, ముందూ వెనకా మనుషులున్నారు. 2023 ఆగస్టులో ఆ దారిలో చిరుత ఒక పసిపిల్లని పొట్టన పెట్టుకుంది. ఎంత ఘోరం అది! అయినా ఇక పిల్లలతో ఎవరూ నడవొద్దని దారి మూసెయ్యలేదు. పిల్లలున్నవాళ్ళు మధ్యాహ్నం రెండులోపే ఎక్కాలని వేళ పెట్టారు. అంటే కుటుంబాలు నడుస్తాయని ఒప్పుకుంటే, కుటుంబాలకి తగ్గ ఏర్పాట్లు చెయ్యడం మనవాళ్ళకి చేతనవును. దేవుడి దగ్గరికి వెళ్ళే ఇల్లాలికి దక్కే నీడ, ఊరికే గాలి కోసం వెళ్ళే ఇల్లాలికి ఎందుకు దక్కకూడదు?

అంతదూరం ఎందుకు, బతుకమ్మ చూడండి. ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు. ముళ్ళకంపలు కొడతారు, మొరం పోస్తారు, లైట్లు కడతారు, పోలీసక్కలు నిలబడతారు. పట్టుచీర కట్టుకుని, నెత్తిన పూల గోపురం పెట్టుకుని, రాత్రి పదింటికి కూడా ఆడవాళ్ళం నీళ్ళ దాకా నడిచి వెళ్ళొస్తాం. ఎవరూ "ఈ వేళప్పుడు చెరువు దగ్గర నీకేం పని?" అనరు. పదోరోజు లైట్లు విప్పేస్తారు. మిగతా మూడువందల యాభై ఆరు రోజులూ ఆ ప్రశ్న అలాగే ఉంటుంది.

"అక్కడ తాగుబోతులుంటారు" అంటారు. నిజమే, ఉంటారు. కుటుంబాలు వెళ్ళని చోటికి వాళ్ళే చేరతారు. పదిమంది పిల్లలు సైకిళ్ళు తొక్కే కట్ట మీద సీసా తీసి కూర్చునే ధైర్యం ఎవరికీ ఉండదు. "దోమలు, కంపు" అంటారు. మురుగు చెరువులోకి రాకుండా ఆపకుండా చుట్టూ టైల్సు పరిస్తే కంపే, ఒప్పుకుంటాను. కానీ ఎవరూ నడవని గట్టు మీదే రాత్రికి రాత్రి మట్టి లారీలు ఒరుగుతాయి. రోజూ చూసే కళ్ళుంటే చెరువు అంగుళం తగ్గినా తెలుస్తుంది. 2020 అక్టోబరు వానలకి చెరువుల పక్క కాలనీలు ఎలా మునిగాయో మనం చూశాం. ఒడ్డు ఖాళీగా ఉండటం నడకకే కాదు, మన ఇళ్ళకీ క్షేమం.

ఒక మాట మాత్రం గట్టిగానే అంటాను. ఈ దారి కోసం పేదవాడి గుడిసె కూల్చమని నేను అడగడం లేదు. తెలియక కొని, అప్పు కట్టుకుంటున్న ఇల్లాలి వంటగది మీదుగా నాకు వాకింగ్ ట్రాకు వద్దు. ఇప్పటికే ఖాళీగా, ప్రభుత్వం చేతిలోనే ఉన్న ఒడ్లు ఉన్నాయి. ఇప్పటికే కట్టిన మెట్లున్నాయి. వాటితో మొదలుపెట్టండి. చెయ్యాలంటే అవుతుంది. బాగ్ అంబర్‌పేటలో కనపడకుండా పోయిన బతుకమ్మ కుంటని తవ్వి, నీళ్ళు తెప్పించి, 2025 సెప్టెంబరులో తెరవలేదా?

కాబట్టి నా కోరిక ఇది. ఈసారి ఓటడగడానికి ఎవరొచ్చినా, రోడ్డూ డ్రైనేజీతో పాటు ఇంకో మూడు అడగండి. మన చెరువుల్లో ఒక్కదానికైనా ఆ జీవోలో రాసిన దారి వెయ్యమని. దానికి పొద్దున తొమ్మిదింటికి తాళం వెయ్యొద్దని. మౌలాలి మెట్ల పొడుగునా నీడ, నీళ్ళు, మరుగుదొడ్డి పెట్టమని. వాళ్ళు నవ్వుతారు, మన గ్రూపులో నవ్వినట్టే. నవ్వనివ్వండి. ఈలోగా వచ్చే ఆదివారం పొద్దున టిఫిన్ పని ఇంట్లో మగవాళ్ళకి అప్పజెప్పి, పిల్లల్నీ పెద్దల్నీ వెంటబెట్టుకుని గుట్ట దగ్గరికో చెరువు దగ్గరికో వెళ్ళండి. మనం నడుస్తామని కంటికి కనపడనిదే, మన కోసం దారి వెయ్యాలని ఎవరికీ తోచదు.